మిరపకోతలకు తిరగబెట్టే జబ్బు

మా పారాలో, అంటే మా వాడలో, ఎవరికి జ్వరం వచ్చినా, నొప్పులు వచ్చినా, కుక్క కరిచినా ముందు మా ఇంటికే వస్తారు. నేను మితానిన్‌ని. సర్కారు ఒక మందుల పెట్టె, ఒక రిజిస్టరు చేతికిచ్చి ఊరి మీదికి వదిలిన ఆడమనిషిని అన్నమాట. పేరు వెంకమ్మ. భద్రాచలం హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా తెలుగులో చదివాను కాబట్టి ఇలా రాయడం వచ్చు. సరిహద్దుకు ఇవతల, హిందీ బడులున్న మా గొల్లపల్లిలో నా వయసు ఆడవాళ్ళలో ఆ పని వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. కోపంలో మాత్రం నాకు జోడీ ఎవరూ లేరు. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో ఆ కోపం తప్పు మనిషి మీద పడింది. అది ముందే ఒప్పుకుంటే నాకు రాయడం తేలికవుతుంది.

రామనర్సయ్య నాకు వరసకు తమ్ముడు. నలభై ఏళ్ళుంటాయి. రెండెకరాల వరిపొలం ఉంది, కానీ అసలు పని ఇంటి చూరు కింద సైకిళ్ళు బాగుచేయడం. మా వైపు రోడ్డు పడింది మొన్న మొన్ననే, సైకిలు తాతల నాటిది. వంకరపోయిన చక్రాన్ని కంటితో చూసి, నాలుగు ఊచలు బిగించి, గిర్రున తిప్పి చూపిస్తాడు. మారాయిగూడెం సంతలో దుకాణం పెట్టుకోమని చాలామంది చెప్పారు. అతను నవ్వి ఊరుకున్నాడు. అక్కడ మరుగుదొడ్డి ఎక్కడుందో అతనికి తెలియదు. ఇంటి దగ్గర అయితే చూరు నుంచి ఇరవై అడుగులు.

ఆ మరుగుదొడ్డి గురించి ఒక మాట. పంచాయతీ వాళ్ళు మా పారాలో ఇంటికొకటి కట్టించారు. మేమంతా వాటిలో కట్టెలు పేర్చుకున్నాం, కోళ్ళను కమ్మాం. ఫోటో దిగేటప్పుడు మాత్రం కట్టెలు బయట పెట్టేవాళ్ళం. దాన్ని కట్టిన పనికే వాడిన మొదటి మనిషి రామనర్సయ్య. "సర్కారు డబ్బు ఒక్క నా విషయంలోనే సార్థకమైంది" అని అతనే నవ్వించేవాడు. రోజుకు పదిహేనుసార్లు పోయేవాడు, రక్తం పడేది, అయినా ఆ మాట అనేవాడు.

జబ్బు మొదలై ఎనిమిదేళ్ళు. మొదట మొలలన్నారు. పూజలు, నాటుమందులు చేసే మా వడ్డె వేరు అరగదీసి ఇచ్చాడు. సంతకు వచ్చే డాక్టరు సూదిమందులు పొడిచాడు. రెండేళ్ళు అలా గడిచాక, మనిషి ఎండిపోయి పిల్లల సైకిలు కూడా ఎత్తలేని స్థితికి వచ్చాక, నేను, నవీన కలిసి భద్రాచలం తీసుకెళ్ళాం. అక్కడ గొట్టం వేసి చూసి పెద్దపేగు నిండా పుండ్లున్నాయన్నారు. పూర్తిగా మానిపోవడం ఉండదట. గోలీలు వేసుకుంటుంటే అణిగి ఉంటుంది, మానేస్తే తిరగబెడుతుంది. రోజుకు నాలుగు గోలీలు, ఇటుక రంగువి, చిక్కుడు గింజంత లావు. బతికున్నంత కాలం వేసుకోవాలి. రామనర్సయ్య డాక్టరు చెప్పిందంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఇలాంటి జబ్బున్న మనుషుల పెళ్ళాలు ఉంటారా పోతారా అని. డాక్టరుకు అర్థం కాక నా వైపు చూశాడు. నేను సిగ్గుపడి తమ్ముణ్ణి మోచేత్తో పొడిచాను.

నవీన అతని భార్య. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన పిల్ల. మాట తక్కువ, నడక ఎక్కువ. సంతకు పోయినా, బోరింగుకు పోయినా, ఎవరో తరుముతున్నట్టు బిరబిరా వెళ్ళి బిరబిరా వచ్చేస్తుంది. ఆడవాళ్ళు కాసేపు కూర్చోమన్నా కూర్చోదు. మనిషిలో కలిసే గుణం లేదని, గుండె కొంచెం రాయి అని నేను అనుకునేదాన్ని. ఒక కూతురుంది, దోర్నపాల్ హాస్టల్లో చదువుతోంది. ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే.

రామనర్సయ్యకు కడుపు జబ్బుకంటే ముందునుంచీ ఇంకో జబ్బుంది. పెళ్ళాం ఎక్కడ వదిలేసి పోతుందోనన్న భయం. నవీన నీళ్ళకు పోయి పది నిమిషాలు ఆలస్యమైతే చేతిలో పానా పట్టుకునే బోరింగు దాకా వచ్చేసేవాడు. సంతకు పోతుంటే ఎవరితో పోతున్నావు, ఎప్పుడొస్తావు, ఆ కొత్త చీర ఎందుకు కట్టావు అని అడిగేవాడు. పుట్టింటికి పంపిస్తే మూడోరోజుకల్లా పోలీసు క్యాంపు దగ్గర టవరు కింద నిలబడి ఫోను చేసేవాడు. తర్వాత తనే సిగ్గుపడి, సంత నుంచి వచ్చినావిడకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చి పెట్టేవాడు. పారాలో మగవాళ్ళు అతనికి తోక అని పేరు పెట్టారు. నేను కూడా ఆ పేరుతో పిలిచి నవ్విన రోజులున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

దీనికి మూలం ఊరందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ దాన్ని దీనితో కలిపి చూడలేదు. రామనర్సయ్యకు ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ వరికోతలకని సరిహద్దు అవతలి వైపు పోయింది. పౌర్ణమికల్లా వస్తానని పిల్లవాడికి చెప్పింది. రాలేదు. అక్కడ ఇంకొకతనితో ఉండిపోయింది. మా వైపు దాన్ని పెద్ద తప్పుగా చూడరు. పెద్దమనుషులు కూర్చుంటారు, కొత్త మొగుడు పాత మొగుడికి ఇవ్వవలసింది ఇస్తాడు, కల్లు తాగి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. మనసు కుదరని మనిషితో ఆడది జీవితాంతం పడి ఉండాలని నేనూ అనను. కానీ ఆ కూర్చున్న చోట పిల్లవాడి ఊసు ఎవరూ ఎత్తలేదు. అతను రెండు పౌర్ణములు కళ్ళం గట్టు మీద కూర్చున్నాడని వాళ్ళ నాన్న మా అమ్మతో చెప్పాడట. తర్వాత కూర్చోవడం మానేశాడు. ఆమె మళ్ళీ కనిపించింది ఇతని పెళ్ళిలోనే. కొత్త బట్టలు తెచ్చింది. రామనర్సయ్య కన్నతల్లిని "మీరు భోంచేశారా" అని అడిగాడు, పంచాయతీ సచివ్ సారును అడిగినట్టు. 

ఇక మిరపకోతలు. సంక్రాంతి దాటాక మా ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు, మగవాళ్ళు ట్రాక్టర్ల మీద గోదావరి వైపు మిరపతోటలకు పోతారు. నలభై రోజులు, ఒక్కోసారి యాభై. అక్కడే గుడారాలు, అక్కడే వంట. కూలిలో కొంత కాయలుగా ఇస్తారు, ఏడాదికి సరిపడా. కష్టమే, చేతులు మండుతాయి, నడుములు పడిపోతాయి. అయినా ఆడవాళ్ళు ఆ నెల కోసం ఎదురుచూస్తారు. సాయంత్రం పని ముగిశాక కాలవలో మునిగి, పది ఊళ్ళ కబుర్లు చెప్పుకుంటూ, అత్తలు మొగుళ్ళు లేకుండా వండుకు తినే నెల అది. నవీన అక్కడ పాటలు పాడుతుందని గంగే చెప్పినప్పుడు నేను నమ్మలేదు. గంగే అంటే నవీన పక్కింట్లో ఉండే దొర్ల తెగ పిల్ల, అబద్ధాలు చెప్పదు. "ఆమె అక్కడ ఏరే మనిషి" అంది.

గోలీలు మొదలుపెట్టి రామనర్సయ్య తేరుకున్న మరుసటి ఏడు నవీన కోతలకు పోయింది. పోయిన పదిరోజులకే అతనికి జబ్బు తిరగబెట్టింది. ఆ ఒక్కసారి అతను ఏమీ చేయలేదు, దానంతట అదే వచ్చింది. నేను కబురు పంపించాను. నవీన పని మధ్యలో వదిలేసి వచ్చి, గంజి కాచి, చెంచాతో తాగించింది. వారం రోజులు అతని పక్క నుంచి లేవలేదు. ఆ వారమంతా అతని మొహంలో ఉన్న శాంతి నాకు ఇప్పటికీ గుర్తుంది. రక్తం పోతున్న మనిషి మొహంలో శాంతి ఏమిటని నాకు తట్టనే లేదు.

ఆ తర్వాత మూడేళ్ళు వరసగా, వడ్లు ఇంటికొచ్చి కోతల ట్రాక్టరు వచ్చే సమయానికి సరిగ్గా జబ్బు తిరగబెట్టింది. పారాలో దానికి మిరపజబ్బు అని పేరు పెట్టారు. మిరప గాలి తగులుతుందని ఒకరు, చలికి పేగు ముడుచుకుంటుందని ఒకరు అన్నారు. డాక్టరు గోలీలు పెంచాడు. నేను ప్రతి పదిరోజులకు ఖాళీ అట్టలు తెచ్చి చూపించమనేదాన్ని, అతను బుద్ధిగా చూపించేవాడు. అట్టలు ఖాళీగానే ఉండేవి. ఇంకేం కావాలి నాకు, రిజిస్టరులో టిక్కు పెట్టాను.

రెండో ఏడు నవీన మూట కట్టుకుని ట్రాక్టరు దగ్గర నిలబడి ఉంటే నేను పదిమంది ఎదుట నోరు పారేసుకున్నాను. మొగుడు రక్తం పోయి పడి ఉంటే నీకు మిరపకాయలు ముద్దొచ్చాయా అన్నాను. ఆమె మూట మళ్ళీ నెత్తికెత్తుకుని ఇంటికి పోయింది. ట్రాక్టరులో ఆడవాళ్ళంతా నా వైపు మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపులకు నేను పొంగిపోయాను కూడా.

మూడో ఏడు మనిషి దక్కడనుకున్నాం. నెత్తురు ఎక్కించారు. నలభై కిలోలకు వచ్చాడు. ఇంకోసారి ఇలా అయితే పేగు కోసి తీసేయాల్సి వస్తుందని, పొట్టకు సంచీ తగిలించుకుని తిరగాలని డాక్టరు నవీనతో చెప్పాడు. బతుకుతాడని కూడా గట్టిగా చెప్పలేదు.

ఇక నాలుగో ఏడు, అంటే కిందటి జనవరి మాట. రామనర్సయ్యకు మళ్ళీ మొదలైంది, ఇంకా ముదరలేదు. నేను చూడటానికి వెళ్ళాను. అతను ఇంటి వెనక ఉన్నాడు. నవీన వాకిట్లో కూర్చుని ఉంది, ఈసారి మూట కట్టలేదు. అప్పుడే గంగే వచ్చి బీర గింజలుంటే ఇమ్మని అడిగింది. మా ఇళ్ళల్లో గింజలన్నీ ఎండిన సొరకాయ బుర్రల్లో పోసి, మూతికి గుడ్డ కుక్కి, చూరుకు వేలాడగడతాం. రామనర్సయ్య పని చేసుకునే చోట పైన నాలుగు బుర్రలున్నాయి. నవీన ఒకదాన్ని దించి ఊపింది. నిండుగా గలగలమంది. గుడ్డ తీసి చేటలో వంచింది.

ఇటుక రంగు గోలీలు పడ్డాయి. చేట నిండి కింద కూడా పడ్డాయి. ఇదేం గింజని గంగే ఒకటి తీసి పళ్ళతో కొరకబోతే నేను చేయి పట్టుకుని ఆపాను. కోడి ఒకటి పరుగెత్తుకొచ్చింది. నవీన దాన్ని అదిలించలేదు, కదలలేదు. చేట వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ గోలీల కోసం నెలనెలా భద్రాచలం పోయి వచ్చింది ఆమే. రోడ్డు పడకముందు సగం దారి నడిచేది.

రామనర్సయ్య వెనక నుంచి వచ్చి చేటను చూశాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాకు కోపంతో కళ్ళు కనబడలేదు. అట్టల్లోంచి గోలీలు తీసి బుర్రలో దాచి, ఖాళీ అట్టలు నా మొహాన కొట్టాడు, నేనేమో టిక్కులు పెట్టుకుంటూ కూర్చున్నాను. తిట్టడానికి నోరు తెరిచాను. నవీన చేయెత్తి నన్ను ఆపింది.

"ఎన్నేండ్ల సంది?" అని అడిగింది అతన్ని.

"మూడేండ్లు. వడ్లొచ్చినంక ఆపుతున్న. మల్ల మొదలు పెడ్తున్న."

"ఎందుకు?"

 గంగే మెల్లగా లేచి వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు.

"నాకు బాగుంటే నువ్వు పోతవ్" అన్నాడు. "బాగలేకుంటే ఉంటవ్. ఆ ఏడు చూసిన గద."

"పోత" అంది నవీన. "అందరితోని పోత. అందరితోని వస్త."

"మా అమ్మ గూడ అట్లనే చెప్పింది."

పెళ్ళయిన పదిహేనేళ్ళలో వాళ్ళమ్మ మాట అతను ఆమె దగ్గర ఎత్తడం అదే మొదటిసారట. నవీన తర్వాత నాకు చెప్పింది. అప్పుడు మాత్రం ఆమె కింద పడ్డ గోలీలు ఒక్కొక్కటే ఏరింది. మరి పారేయకుండా ఎందుకు దాచావని నేను అతన్ని అడిగాను. నవీన అంత దూరం నడిచి తెచ్చినవి పారేయడానికి చేతులు రాలేదన్నాడు. ఆ మాట విని నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఒకపక్క చంపాలనిపించింది, ఒకపక్క దగ్గరికి తీసుకుని ఏడవాలనిపించింది.

మర్నాడు ముగ్గురం భద్రాచలం వెళ్ళాం. నవీన డాక్టరుకు ఉన్నదంతా చెప్పింది. డాక్టరు తిట్టాడు, తర్వాత కొన్ని మందులు కొత్తగా రాశాడు. వారానికి రక్తం ఆగింది. అప్పుడు నవీన నా దగ్గరికి వచ్చి, కోతలకు పోతున్నానని, ట్రాక్టరు పోయినా తను బస్సులో పోయి కలుస్తానని చెప్పింది.

నాకు మళ్ళీ భగ్గుమంది. ఇంత జరిగాక కూడానా అన్నాను. పేగు తీసేస్తే ఎవరు చూస్తారన్నాను. పోయేది మొగుడి ప్రాణమన్నాను. ఆమె మొత్తం విని, కొంగు విదిలించి కూర్చుంది. అన్నేళ్ళలో మా ఇంట్లో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"వదినా, నేనుంటే ఈయన గోలీ మింగడు. జబ్బుతోనే నన్ను కట్టేసుకున్నడు. నేను ఈ ఏడు గూడ ఉంటే వచ్చే ఏడు పేగు పోతది, ఆ మీది ఏడు మనిషి పోతడు. నేను పోయినా ఈయన బతికుండాలె. అది నేర్వాలె."

ఎప్పుడొస్తావని అడిగాను. రోజు చెప్పనంది. చెబితే ఆ రోజు కోసం కూర్చుంటాడట, ఒక్కరోజు దాటినా కూలిపోతాడట. అతనికీ అదే చెప్పింది. వస్త అని మాత్రం చెప్పి, బస్సెక్కింది. రామనర్సయ్య బస్సు దాకా వచ్చాడు. ఎవరితో పోతున్నావని అడగబోయి ఆపుకోవడం నేను చూశాను.

గోలీలు మింగించే పని నా నెత్తిన పడింది. ఈసారి అట్టలు నమ్మదలచుకోలేదు. పొద్దున, సాయంత్రం మా ఇంటికే రమ్మన్నాను, నా కళ్ళ ముందే మింగాలి, నోరు తెరిచి చూపించాలి. మొదటి రోజు అతను గోలీ అరచేతిలో పెట్టుకుని పావుగంట కూర్చున్నాడు. నేను తిట్ల మూట విప్పబోతుంటే అన్నాడు, "అక్కా, ఇది మింగుతుంటే ఆమెను నేనే తోలేసినట్టనిపిస్తది" అని. నేను మూట మళ్ళీ కట్టేశాను.

మొదటి రెండు వారాలు మనిషి సగమయ్యాడు. టవరు దగ్గరికి రోజూ పోయేవాడు. నవీన ఒక్క నిమిషం మాట్లాడి, తిన్నావా, మింగావా అని అడిగి పెట్టేసేదట. ఒకరోజు కడుపులో మెలిపెడుతోందని పరుగెత్తుకుంటూ వచ్చాడు. రక్తముందా అంటే లేదన్నాడు. ఎన్నిసార్లు పోయావంటే ఒక్కసారే అన్నాడు. మరేమిటని కూర్చోబెట్టి ఇద్దరం ఆలోచించాం. టవరు దగ్గర ఫోను కలవలేదట. అక్కడి నుంచే నొప్పి మొదలైందట. నాకు డాక్టరు చదువు లేదు. కానీ నలుగురు పిల్లల్ని కని, ఒకణ్ణి పోగొట్టుకున్నదాన్ని. భయం కడుపులోనే కూర్చుంటుందని నాకు తెలుసు. ఆ మాటే అతనితో అన్నాను. ఎనిమిదేళ్ళుగా తను రెండింటినీ ఒకటే అనుకున్నానన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఇద్దరం దాన్ని విడదీసేవాళ్ళం, ఇది జబ్బు నొప్పా, భయం నొప్పా అని. భయం నొప్పి అయితే నేను టీ పెట్టేదాన్ని, అతను వాళ్ళమ్మ గురించి ఏదో ఒకటి చెప్పేవాడు. ఆమె చేపలు భలే పట్టేదట. ఒకసారి తనను భుజాల మీద కూర్చోబెట్టుకుని వాగు దాటించిందట. అమ్మ మీద కోపం ఉన్నట్టు అతను ఎప్పుడూ మాట్లాడలేదు. అది నాకు ఇంకా బాధనిపించింది.

నెల దాటాక ఒక పొద్దున అతను రాలేదు. నేను కర్ర పట్టుకుని బయలుదేరాను. చూరు కింద కూర్చుని ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. నన్ను చూసి నాలుక బయటపెట్టాడు. "మింగిన. నీ టీ కంటే నా సైకిలు ముందు" అన్నాడు. బుగ్గలు కాస్త నిండాయి. ఆ రోజు నుంచి నేను అడగడం మానేశాను. అంటే, రెండురోజులకొకసారి మాత్రమే అడిగాను.

నలభై నాలుగో రోజున ట్రాక్టరు వచ్చింది. గంగే దిగింది, మిగతావాళ్ళంతా దిగారు. నవీన దిగలేదు. ఆఖరి కోత మిగిలిపోతే రైతు నలుగురిని ఉంచుకున్నాడని, నవీన వాళ్ళలో ఉండిపోయిందని చెప్పారు. ఎప్పుడొస్తుందంటే ఎవరికీ తెలియదు. నోరు అదుపులేని ఒక మనిషి, పేరు రాయను, "తోక ఇక్కడ, తల అక్కడ" అని నవ్వింది. రామనర్సయ్య ఆ నవ్వినామె సంచీనే ట్రాక్టరు మీంచి దించిపెట్టి ఇంటికి పోయాడు.

 పొయ్యి మీద కూర వదిలేసి వెనకాలే వెళ్ళాను. గడపలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ గ్లాసు. నేను అడగకముందే చెప్పాడు.

"మింగిన అక్కా. మెలిపెడ్తుంది. భయం నొప్పి."

వస్తుందిరా అన్నాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ తర్వాత అన్న మాట అతని నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. రాకపోయినా గోలీ రేపు కూడా వేసుకుంటానన్నాడు. అని, నా ఎదుటే మొహం కప్పుకుని ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను.  కూర మాడిపోయింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు గడిచాయి, ఆమె ఫోను కలవలేదు. పదో రోజు పొద్దున పది గంటలప్పుడు నేను వాకిట్లో రిజిస్టరు రాసుకుంటున్నాను. ఇప్పపూల రోజులు, పారా మొత్తం అడవిలో ఉంది. మనిషి అలికిడి లేదు. పాదాల చప్పుడు విని తలెత్తాను. నవీన. నెత్తి మీద మూట లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. మొహంలో నెత్తురు చుక్క లేదు.  మా అరుగు అంచు పట్టుకుని కూలబడింది.

నీళ్ళిచ్చాను. తాగలేదు. "తడిక కట్టేసి ఉంది, వదినా" అంది కాసేపటికి. "సైకిలు లేదు. గంగే ఇంట్ల గూడ ఎవలు లేరు."

ఇప్పపూలకు పోయాడని చెప్పాను. నమ్మలేదు. అడవికా, ఆయనా అంది. అవును, నాలుగు రోజులుగా తెల్లారకముందే పోతున్నాడు, చెట్ల కింద ఏరుకుని ఎండెక్కాక వస్తాడన్నాను. మరుగుదొడ్డికి దూరమవుతానని ఎనిమిదేళ్ళుగా అడవి మొహం చూడని మనిషి. నేను అబద్ధం చెబుతున్నానేమోనని ఆమె నా కళ్ళల్లోకి చూసింది. వీధిలో నలుగురు పోగై ఉన్నారా అని ఒకసారి దారి వైపు చూసింది. అప్పుడు నాకు ఏదో తెలియడం మొదలైంది. కానీ పూర్తిగా తెలియలేదు.

గంటసేపు అలాగే కూర్చుంది. ఎండ అరుగు మీదికి వచ్చింది. అప్పుడు వచ్చాడు రామనర్సయ్య, నెత్తి మీద గంప పెట్టుకుని, ఒక చేత్తో సైకిలు నడిపించుకుంటూ. అడవికి మా ఇంటి ముందు నుంచే దారి. నవీనను చూసి ఆగిపోయాడు. సైకిలు స్టాండు వేయడం కూడా మరిచి వదిలేశాడు, అది కింద పడింది.

నవీన లేచి వెళ్ళి అతని చొక్కా ముందు భాగం గుప్పిట్లో పట్టుకుంది. కొడుతుందేమో అనుకున్నాను. పట్టుకుని అలాగే నిలబడింది, ఏడుపు ఆగడం లేదు.

"తడిక చూసి నా పానం పోయింది" అంది. "ఆస్పత్రికి ఏసుకపోయిన్రనుకున్న. అయిపోయినవ్ అనుకున్న. సంతకు పోయినా, నీళ్ళకు పోయినా, నేనొచ్చేసరికి నువ్వుండవేమోనని ఉరికొస్త. మూల మలుపు కాడ ఆగి మనింటి ముందట మనుషులు పోగైన్రా అని చూస్త, అప్పుడు ఇంటికొస్త."

రామనర్సయ్య ఆమె మొహంలోకి చూశాడు. వినకూడనిదేదో విన్నవాడిలా ఉన్నాడు.

"నేను పోతనని నీకు భయమా?" అని అడిగాడు, మెల్లగా.

"ఎనిమిదేండ్ల సంది."

 గంప ఇంకా నెత్తి మీదే ఉంది, దించాలని అతనికి తోచలేదు. నేనే లేచి దించాను.